శాన్ పెడ్రోలో చూడాల్సింది కంచె లోపలే

లాస్ ఏంజెలెస్ వెళ్లిన మనవాళ్లు హాలీవుడ్, డిస్నీలాండ్, మాలిబు గుడి చుట్టి వచ్చేస్తారు. నాకు రేవుల పిచ్చి. డౌన్‌టౌన్‌లో బస్సెక్కి, లాస్ ఏంజెలెస్ రేవు ఉన్న శాన్ పెడ్రోలో దిగాను.

దిగగానే చిరాకేసింది. ఎటు చూసినా ఇనుప కంచె, అవతల క్రేన్లు. రేవు ఒడ్డున షాపులు, హోటళ్లతో ఉండే 1963 నాటి పోర్ట్స్ ఓ కాల్ విలేజ్‌ని 2018లో కూల్చేసి, ఆ జాగాలో వెస్ట్ హార్బర్ పేరుతో 42 ఎకరాల్లో రెస్టారెంట్లు, షాపులు కడుతున్నారు. అయోవా యుద్ధనౌక మ్యూజియం ఎక్కలేదు. వైజాగ్ బీచ్‌లో కుర్సురా లోపల నడుం వంచి తిరిగినవాడికి ఆ టికెట్ ధర మింగుడుపడలేదు. అప్పటికే కాఫీకి ఆరు డాలర్లు పోశాను మరి.

దక్షిణం వైపు నడిస్తే సిటీ డాక్ నంబర్ 1. పనామా కాలువ తెరుచుకున్న 1914 ప్రాంతంలో వెలిసిన పొడవాటి గోదాములు. ఆల్టాసీ అనే సంస్థ వాటిని 35 ఎకరాల సముద్ర పరిశోధన కేంద్రంగా మారుస్తోంది. నా అదృష్టం, ఆరోజు సందర్శకులను లోపలికి రానిస్తున్నారు.

సముద్రపు నాచు ట్యాంకులను పైపైన చూసేసి గట్టు దగ్గర ఆగిపోయాను. కాంక్రీటు గట్టుకు ఇనుప చేతులు బిగించారు, ఒక్కోదాని చివర నీలంరంగు తెప్ప. మొత్తం ఏడు. అలకు తెప్ప లేచి దిగుతుంటే పిస్టన్ ఒక ద్రవాన్ని ఒడ్డునున్న ట్యాంకుల్లోకి తోస్తుంది. ఆ ఒత్తిడితో మోటారు, దాంతో జనరేటర్ తిరుగుతాయి. తుఫానొస్తే తెప్పలు నీళ్లలోంచి పైకి లేచిపోతాయట. ఎకో వేవ్ పవర్ అనే కంపెనీ 2025 సెప్టెంబరులో మొదలెట్టిన ప్రయోగం ఇది. యంత్రాలన్నీ ఒడ్డునే ఉంటాయి కాబట్టి రిపేరుకు నడి సముద్రంలోకి పోనక్కర్లేదు. నేను చూసేటప్పటికి తెప్పలు జానెడు లేచి జానెడు దిగుతున్నాయి. దీంతో కరెంటా అని నవ్వొచ్చింది. అయినా అక్కణ్ణుంచి కదలబుద్ధి కాలేదు.

నా పక్కనే ఒక పెద్దాయన, రేవులో సరుకు దించే పని చేసి రిటైరయ్యాడట. వాళ్లమ్మ ఎదురుగా ఉన్న టెర్మినల్ ఐలాండ్‌లో ట్యూనా చేపను డబ్బాల్లో కూరేదని చెప్పాడు. అక్కడి స్టార్‌కిస్ట్ ఫ్యాక్టరీ 1984లో మూతపడింది. “రోజంతా ఊళ్లో చేపల కంపు. ఆ కంపే మాకు జీతం” అన్నాడు. ఈ కొత్త కేంద్రం మంచిదే కదా అన్నాను. మంచిదే అన్నాడు. కాసేపాగి, “మా అమ్మలా చదువు లేనివాళ్లకు ఇందులో ఏం పని ఇస్తారో అడిగి చూడు” అన్నాడు.

టూర్ చూపిస్తున్న అమ్మాయిని అడిగాను. వెల్డింగ్, డైవింగ్ శిక్షణ గురించి ఏదో చెప్పబోయింది, ఈలోగా వెనకున్న కుటుంబం టాయిలెట్ ఎటని అడిగింది. పెద్దాయన నావైపు చూసి కనుబొమలెగరేశాడు.

వెళ్లేవాళ్లు టూర్ రోజులేవో ముందే కనుక్కోండి. లేకపోతే గేటు చూసి వచ్చేయడమే.