పూతరేకులూ, రేగడి మట్టీ, నా చిరిగిన ఫిల్మూ

మొన్న ఎండల్లో ఊరెళ్తే చేను నెర్రెలిచ్చి ఉంది, మడమ దిగిపోయేంత, కాలవకి నీళ్ళొదిలితే అవన్నీ మళ్ళీ పూడిపోతాయి, ఇదంతా మనకి మామూలే. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఈ జాతి మట్టితోనే కుస్తీ పట్టా కాబట్టి నేను మాత్రం కాసేపు అక్కడే నిలబడిపోయా.

రేగడిలో ఉబ్బే గుణం మాంట్‌మొరిలనైట్ లాంటి బంకమట్టిది. లోపల అచ్చం ఆత్రేయపురం పూతరేకు మడతే అండి. ఒక్కో రేకు మందం 1 నానోమీటరు, వెడల్పు దానికి వందల రెట్లు. రేకులకి నెగటివ్ చార్జి, మధ్యలో సోడియం, కాల్షియం అయాన్లు కూర్చుని పట్టుకుంటాయి. నీళ్ళు దూరితే రేకులు ఎడమవుతాయి, ఎండితే దగ్గరపడతాయి, అవే నెర్రెలు.

ప్రాజెక్టేమో ఈ రేకుల్ని ప్లాస్టిక్‌లో కలిపి ఫిల్మ్ తీయడం. నేనేం చేశానంటే ఈ మట్టిని నేరుగా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌లో వేసి కలిపేశా. ఫిల్మ్ తీస్తే రాళ్ళు పడ్డ అన్నంలా గరగర, లాగితే గడ్డ ఉన్నచోటే చిరిగింది, ఎక్స్‌రేలో రేకుల మధ్య దూరం చెప్పే పీక్ ఇసుమంత కూడా జరగలేదు, అంటే రేకులు ఎడం కాలేదు. మట్టికి నీళ్ళంటే ఇష్టం, ఆ ప్లాస్టిక్‌కి నీళ్ళంటే పడదు, ఇంకేం కలుస్తాయి? ల్యాబ్‌లో సీనియర్ అక్క నవ్వి, ముందు సోడియంని తప్పించి పొడుగు తోక ఉన్న అమ్మోనియం లవణం ఎక్కించమంది, అంటే రేకుల మధ్య నెయ్యి రాసినట్టు. అప్పుడు పాలిమర్ గొలుసులు, అంటే ప్లాస్టిక్ అణువులు, లోపలికి దూరి రేకుల్ని ఎడం చేస్తాయి, పీక్ ఎడమకి జరుగుతుంది, ఇది ఇంటర్‌కలేషన్. ఏ రేకుకారేకు విడిపోయి చెల్లాచెదురైతే ఎక్స్‌ఫోలియేషన్, ఇక పీకే ఉండదు. నా పాలీప్రొపిలీన్‌కి అదీ చాల్లేదు, మాలేయిక్ అన్‌హైడ్రైడ్ తగిలించిన పాలీప్రొపిలీన్‌ని పెళ్ళిళ్ళ పేరయ్యలా మధ్యలో పెట్టాల్సొచ్చింది.

టయోటా పరిశోధకులు 1980ల్లోనే నైలాన్ 6తో ఇంకో దారి పట్టారు, నైలాన్‌కి ముడిసరుకైన కాప్రోలాక్టమ్‌ని రేకుల మధ్యకి పంపి అక్కడే నైలాన్ తయారయ్యేలా చేశారు. మట్టి 5 శాతం కూడా లేదు, అయినా బరువు పెడితే 65 డిగ్రీలకే వంగిపోయే నైలాన్ 140 దాటేదాకా ఆగింది!

నాకు బాగా నచ్చింది మాత్రం గాలి సంగతి. రేకులు అడ్డం పడుంటే ఆక్సిజన్ సూటిగా పోలేదు, వరిచేలో గట్లు పట్టుకుని నడిచినట్టు చుట్టూ తిరిగి పోవాల్సిందే. అందుకే ప్యాకింగ్ ఫిల్ముల్లో ఈ మట్టి వాడతారు. ఇదంతా అత్తయ్యకి చెప్పి, ఇలాంటి కవర్లో పెడితే పూతరేకుల నెయ్యి తొందరగా ముక్కవాసన రాదు అన్నా.

"మట్టి కవర్లో పూతరేకులా? నువ్వు కొంటావేంట్రా?" అంది.