వాచీల పెట్టె, దానం పద్దు: ఏడాది లెక్క

పెట్టెలో మొదట ఉన్నవి 11 వాచీలు. ఏడు ఆటోమేటిక్ (చేతి కదలికకే కీ పడేవి), ఒకటి చేత్తో కీ ఇచ్చేది, మూడు క్వార్ట్జ్ (బ్యాటరీవి). పెట్టుకున్న షరతులు రెండు. ఏడాది తిరిగేసరికి ఆరుకు దించాలి. అమ్మగా వచ్చినదాంట్లో దానానికి ఎంతో అమ్మకముందే రాసి ఉంచాలి. కింది అంకెలన్నీ వంతుల్లో ఉన్నాయి. నెలకు చేతికొచ్చే ఆదాయం 100 వంతులు, ఏడాదికి 1200. ఎవరి ఆదాయానికి వాళ్లు అన్వయించుకోవచ్చు.

మొదటి నెల: పద్దు గీయడం

నాలుగు గడులు చాలు: దానం, సర్వీసింగ్, కొనుగోలు, జోడు. నెల మొదటి రోజున 10 వంతులు దానం గడిలోకి, 2 సర్వీసింగ్‌కి, 3 కొనుగోలుకి. దానం అందరికంటే ముందు బయటికి పోవాలి. నెలాఖరున మిగిలింది ఇద్దామనుకుంటే మిగలదు.

నాలుగోది జోడు గడి. ఏ వాచీ కొన్నా, దాని ధరలో సగం అదనంగా దానానికి పోవాలి. అది కూడా వాచీల డబ్బులోంచే, కొనడానికి ముందే. ధరకు సమానంగా ఇవ్వాలని పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. అక్కడ జరిగే పొరపాటు ఒకటే: భారం ఎక్కువై, నెలనెలా ఎలాగూ ఇచ్చే 10 వంతులనే జోడుగా చూపించుకోవడం. ఒకే డబ్బు రెండు గడుల్లో కనిపిస్తే పద్దు పనికిరాదు. అందుకే జోడుకు వేరే గడి, వేరే తేదీ.

ఎంత ఇవ్వాలన్నది ఎవరి మతం వాళ్లకి చెప్పే ఉంది. క్రైస్తవుల దశమభాగం, సిక్కుల దస్వంద్ ఆదాయంలో పదో వంతు. భాగవతంలో శుక్రాచార్యుడు బలికి చెప్పిన లెక్కలో సంపద ఐదు భాగాలు: ధర్మానికి, కీర్తికి, తిరిగి సంపాదించడానికి, సుఖానికి, తనవాళ్లకి. వాచీ నాలుగో భాగంలోకే వస్తుంది. ధర్మం గడిలోంచి దానికి పైసా రాదు. (ఆ మాట శుక్రుడు చెప్పింది అంతా ఇచ్చెయ్యొద్దని బలిని ఆపడానికి. బలి వినలేదు.)

ముస్లింల విధి దానమైన జకాత్ లెక్క వేరు. అది ఆదాయం మీద కాదు, చాంద్రమాన సంవత్సరం పొడుగునా చేతిలో నిలిచిన సంపద మీద, 2.5 శాతం. సూర్యమాన సంవత్సరానికి లెక్క కట్టేవాళ్లు రోజుల తేడా కలిపి 2.577 శాతం తీస్తారు. జకాత్ పడే కనీస హద్దు 85 గ్రాముల బంగారం, లేదా 595 గ్రాముల వెండి. సొంతానికి పెట్టుకునే స్టీలు వాచీ మీద జకాత్ పడదు. తిరిగి అమ్మాలనే కొన్న వాచీ మాత్రం వ్యాపార సరుకు, ఆ రోజు మార్కెట్ ధర మీద పడుతుంది. సేకరణకర్తల నోట ఎప్పుడూ ఉండే మాట 'ఇది పెట్టుబడి' అని. ఇంట్లో ఆ మాట చెప్పి కొని, జకాత్ రోజున సొంత వాడకం అంటే కుదరదు. పద్దులో ప్రతి వాచీ ఎదురుగా కొన్న రోజునే 'వాడకానికి' లేదా 'అమ్మకానికి' అని రాయాలి.

బంగారు వాచీ అయితే ఇంకో చిక్కు. సున్నీల నాలుగు ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఒకటైన హనఫీలో ఒంటి మీది బంగారానికీ జకాత్ ఉంది. మిగతా మూడింట్లో ధరించడానికి అనుమతి ఉన్న నగకు సాధారణంగా మినహాయింపు. మగవాళ్లు బంగారం ధరించడానికే అనుమతి లేదు కాబట్టి ఆ మినహాయింపు వాళ్ల వాచీకి అందదు. వాచీ మొత్తాన్ని తూచి లెక్క కడితే తప్పవుతుంది, ఎందుకంటే అందులో అద్దం, మూవ్‌మెంట్ (లోపలి యంత్రం), డయల్ బరువూ ఉంటాయి. సర్వీసింగ్‌లో మూవ్‌మెంట్ బయటికి తీసినప్పుడు కేసు, వెనక మూత, బకిల్ విడిగా తూచమని అడిగి రాయించుకోవాలి. 18 క్యారెట్ అంటే వెయ్యికి 750. కేసు, మూత కలిపి 45 గ్రాములుంటే మేలిమి బంగారం 33.75 గ్రాములు. పూత వాచీలో ఉండేది మైక్రాన్ల మందమే, తూకానికి రాదు. చివరి మాట ఎవరి పండితుణ్ని వాళ్లు అడిగి తీసుకోవాల్సిందే.

రెండో నెల: పెట్టె తనిఖీ

ప్రతి వాచీకి ఒక పేజీ. రిఫరెన్స్ నంబరు, సీరియల్ నంబరు, పాత సర్వీసు తేదీ, పెట్టె, కాగితాలు, విడి లింకులు ఉన్నాయా లేవా. పెట్టుకున్న రోజుల చిట్టా కూడా అందులోనే. 30 రోజుల్లో 26 రోజులు నాలుగు వాచీలే చేతికెక్కాయి. మిగిలిన ఏడింటికి కలిపి నాలుగు రోజులు. ఏవి అమ్మాలో సగం తేలిపోయింది.

తర్వాత టైమ్‌గ్రాఫర్ (టిక్ శబ్దం విని నడకను కొలిచే యంత్రం) పరీక్ష. పూర్తిగా కీ ఇచ్చి పావుగంట ఆగి, డయల్ పైకి, డయల్ కిందికి, క్రౌన్ (కీ ఇచ్చే గుండీ) కిందికి, క్రౌన్ ఎడమకి, ఒక్కో భంగిమలో నిమిషం చొప్పున. 24 గంటలయ్యాక మళ్లీ. యంత్రంలో లిఫ్ట్ యాంగిల్ (ఒక్కో మూవ్‌మెంట్‌కి ఉండే కోణం) సరిగ్గా పెట్టకపోతే యాంప్లిట్యూడ్ (బ్యాలెన్స్ చక్రం ఎంత ఊగుతోందో చెప్పే) అంకె అబద్ధమే చెబుతుంది. ఈటీఏ 2824 అనే మూవ్‌మెంట్‌కి 50 డిగ్రీలు. వేరే నిర్మాణం ఉన్న కో-యాక్సియల్ వాచీలకి అదే పెడితే కుదరదు, ఆ మూవ్‌మెంట్ అంకె చూసుకోవాలి. పూర్తి కీ మీద డయల్ పైకి ఉన్నప్పుడు 270 నుంచి 310 డిగ్రీల మధ్య ఉంటే ఆరోగ్యం. బీట్ ఎర్రర్ (టిక్‌కీ టాక్‌కీ మధ్య తేడా) 0.5 మిల్లీసెకన్ల లోపుంటే దాని జోలికి పోనక్కర్లేదు.

తేలినవి:

ఒకటి రోజుకు 40 సెకన్లు ముందుకు పోతోంది. దగ్గర పెడితే దిక్సూచి ముల్లు కదిలింది, అంటే హెయిర్‌స్ప్రింగ్‌కి (బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నని స్ప్రింగ్) అయస్కాంతం పట్టింది. చుట్లు ఒకదానికొకటి అంటుకుని స్ప్రింగ్ పొట్టిదైనట్టు పనిచేస్తుంది, అందుకే వేగం. డీమాగ్నెటైజర్ మీద పెట్టి మీట నొక్కి, నొక్కి ఉంచే వాచీని మెల్లగా చేయిచాపు దూరం లాగి, అప్పుడు వదలాలి. దగ్గరుండగానే మీట వదిలితే అయస్కాంతం మళ్లీ పడుతుంది. కొత్తగా కొన్నవాళ్లలో చాలామంది చేసే తప్పు ఇదే. రెండుసార్లకి ఇది రోజుకు 5 సెకన్లకి దిగింది.

రెండింటికి యాంప్లిట్యూడ్ 200 లోపే. నూనె ఎండిపోయిన లక్షణం. వాచీ నడుస్తోంది కదా అని ఊరుకుంటే పివట్లు (చక్రాల ఇరుసు కొనలు) అరుగుతాయి, శుభ్రం చేసి నూనె వేస్తే పోయే పని భాగాలు మార్చే పని అవుతుంది. ఒకటి మూడు ముళ్లది, ఒకటి క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచ్ ఉన్నది).

క్వార్ట్జ్ ఒకదాంట్లో ఆగిపోయిన బ్యాటరీ అలాగే ఉండిపోయింది. ఇంకొన్నాళ్లుంటే కారి సర్క్యూట్‌ని తినేసేది. వాడని క్వార్ట్జ్‌లోంచి బ్యాటరీ తీసి దాచాలి.

మూడో నెల: గండి ఎక్కడ పడుతోంది

పాత మూడేళ్ల బిల్లులు ముందేసుకుంటే బయటపడింది ఇది. దానానికి గండి కొట్టింది కొనుగోలు కాదు, పోషణ. కొనుగోలుకి ముందుగా కూడబెడతారు, ఎదురుచూస్తారు. సర్వీసింగ్ బిల్లు చెప్పకుండా వస్తుంది. దానికంటూ గడి లేకపోతే ఆ నెల కాస్త మెత్తగా ఉన్న గడిలోంచి పోతుంది, అన్నిటికంటే మెత్తగా ఉండేది దానం గడే. అడిగేవాడు ఎదురుగా ఉండడు కదా.

మెకానికల్ వాచీకి తయారీదార్లు చెప్పే సర్వీసు గడువు సుమారు 5 నుంచి 10 ఏళ్లు. ఎనిమిది మెకానికల్ వాచీలుంటే, సగటున ఎనిమిదేళ్లనుకున్నా ఏటా ఒకటి బల్ల మీదికి వస్తుంది. మూడు ముళ్లదానికి 14 వంతులు, క్రోనోగ్రాఫ్‌కి 25. నెలకు 2 వంతులు పక్కనపెడితే ఏడాదికి 24. అంటే ఒక్క క్రోనోగ్రాఫ్‌కీ చాలదు. వాచీల సంఖ్య తగ్గాల్సింది వైరాగ్యం కోసం కాదు, ఈ లెక్క కోసం.

నాలుగు నుంచి ఏడో నెల వరకు: నాలుగు అమ్మకాలు

అమ్మేముందు పాలిష్ చేయించొద్దు. కేసు అంచులు, లగ్‌ల (పట్టీ తగిలించే కొమ్ములు) మీది చాంఫర్లు (ఏటవాలు అంచులు) అరిగితే తిరిగి రావు, కొనేవాళ్లు ముందు చూసేది వాటినే. పాత డయల్ మీద ముళ్ల మెరుపు పోయిందని కొత్తవి వేయించినా ధర పడిపోతుంది. సర్వీసులో తీసేసిన పాత భాగాలు పొట్లంలో దాచి వాచీతోపాటే ఇవ్వాలి. ఫొటోలు పగటి వెలుతురులో, గీతలు దాచకుండా. చెప్పని గీతే తర్వాత బేరానికి ఎదురొస్తుంది.

కమిషన్, రవాణా, బీమా పోగా నాలుగింటికి నికరంగా వచ్చింది 210 వంతులు. ముందే రాసుకున్న ప్రకారం సగం, అంటే 105, దానానికి. 30 సర్వీసింగ్‌కి, 75 కొనుగోలుకి. దానం వాటా డబ్బు అందిన రోజే వేరే ఖాతాకి మారింది. రెండు వారాలు అదే ఖాతాలో ఉంచితే అది మెల్లగా తర్వాతి వాచీకి బయానా అయిపోతుంది. అంకె ముందే రాయడం ఎందుకంటే, అనుకున్నదానికంటే ఎక్కువ ధర పలికితే 'అనుకున్నంతే ఇద్దాం' అనిపిస్తుంది, తక్కువ పలికితే 'ఈసారికి వద్దు' అనిపిస్తుంది. శాతం రాసుకుంటే రెండూ ఉండవు.

వాచీనే దానంగా ఇవ్వొచ్చు కదా అంటే, ఖరీదైనది ఇస్తే పుచ్చుకున్న సంస్థకి పని పెట్టినట్టే. అసలుదో కాదో తేల్చాలి, విలువ కట్టించాలి, కొనేవాళ్లు దొరికేదాకా భద్రపరచాలి. అమ్మి డబ్బివ్వడం మేలు. పని చెయ్యని వాచీ ఇస్తే మరమ్మతు ఖర్చును దానం చేసినట్టవుతుంది. మినహాయింపు, ఆ పనికే పెట్టిన వేలం. డుషెన్ కండర క్షీణతపై పరిశోధన కోసం 2005లో మొనాకోలో మొదలైన ఓన్లీ వాచ్ అలాంటిది. తయారీదార్లు ఒక్కటంటే ఒక్కటిగా చేసిన వాచీలు ఇస్తారు. 2019లో ఆ వేలంలో పటెక్ ఫిలిప్ గ్రాండ్‌మాస్టర్ చైమ్ స్టీలు వాచీ 3 కోట్ల 10 లక్షల స్విస్ ఫ్రాంకులు పలికింది. ఖాతాల పారదర్శకత మీద ప్రశ్నలు లేచాక 2023 నవంబరులో జరగాల్సిన వేలం 2024 మేకి వాయిదా పడింది. ఎంత పేరున్న చోటైనా ఆడిట్ లెక్క చదివి ఇవ్వడం అపనమ్మకం కాదు, అపాత్రదానం కాకుండా చూసుకోవడం.

ఎనిమిదో నెల: ప్రార్థనలో వాచీ

చిన్న విషయాలే కానీ రోజూ ఎదురయ్యేవి. వుజూ (నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కోవడం) చేసేవాళ్లకి రోజుకు ఐదుసార్లు నీళ్లు తగులుతాయి. 30 మీటర్లు అని రాసున్న వాచీ చిందులకే, కుళాయి కిందికి కాదు. 100 మీటర్లు, స్క్రూ క్రౌన్, రెండేళ్లకోసారి గాస్కెట్ (నీళ్లు ఆపే రబ్బరు వలయం) పీడన పరీక్ష ఉంటే నిశ్చింత. అయినా పట్టీ కిందికి నీళ్లు చేరాలి కాబట్టి వదులు చేసుకోవడమో తీసెయ్యడమో తప్పదు. తోలు పట్టీ తడిసి తడిసి లోపలి పొర ఉబ్బి కుట్లు వదులుతుంది. రబ్బరు పట్టీ వేసుకోవాలి. సజ్దాలో (నమాజులో నుదురు నేలకానించినప్పుడు), సాష్టాంగంలో చెయ్యి వంగినప్పుడు పెద్ద క్రౌన్ మణికట్టులో గుచ్చుకుంటుంది. 10 మిల్లీమీటర్ల లోపు మందం ఉన్నది హాయి. గంటగంటకీ మోగేది, అలారం ఉన్నది ఆపుకుని లోపలికి వెళ్లాలి.

ఇవ్వడానికి వెళ్లేటప్పుడు ఏ వాచీ? కుడిచెయ్యి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదంటారు, వాచీ ఉండేది ఆ ఎడమచేతికే. బంగారు బెజెల్ (అద్దం చుట్టూ ఉండే వలయం) ఉన్నది ఇంట్లో వదిలి వెళ్లడం మంచిది.

ఖరీదైన వాచీకీ మతానికీ తగాదా ఈనాటిది కాదు. 16వ శతాబ్దిలో జెనీవాలో క్రైస్తవ మత సంస్కర్త కాల్విన్ సంస్కరణలు ఆభరణాల మీద ఆంక్షలు పెట్టాక కంసాలులు గడియారాల పనికి మళ్లారు. అక్కడి గడియారాల పనివాళ్ల సంఘం 1601లో ఏర్పడింది. నగలు వద్దన్న చోటే వాచీ నగగా మారింది.

తొమ్మిది నుంచి పన్నెండో నెల వరకు: ఒక కొనుగోలు

నచ్చిన వాచీ పేరు, తేదీ రాసి 90 రోజులు ఆగాలి, బయానా కట్టకూడదు. బయానా కట్టాక ఆగడం ఆగడం కాదు. జాబితాలో మూడు పేర్లుండగా గడువు తీరేసరికి ఒకటే మిగిలింది. ధర 72 వంతులు, జోడు 36, మొత్తం 108. కొనుగోలు గడిలో ఉన్నది 111 (నెలకు 3 చొప్పున 36, అమ్మకాల నుంచి 75). జోడు ముందు పోయింది, తర్వాత వాచీ వచ్చింది.

సర్వీసింగ్ గడిలో 54 చేరితే 39 ఖర్చయ్యాయి. క్రోనోగ్రాఫ్ యాంప్లిట్యూడ్ ఇప్పుడు 285.

నిల్వ గురించి రెండు ముక్కలు: తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంచాలి, సిలికా జెల్ రంగు మారగానే ఎండబెట్టాలి లేదా మార్చాలి. స్పీకర్లకి, ఫోను అయస్కాంత కవర్లకి దూరంగా పెట్టాలి.

ఏడాది చివర

పెట్టెలో 8. ఆరు అనుకున్నది కుదరలేదు. దానం: నెలవారీ 120, అమ్మకాల నుంచి 105, జోడు 36, మొత్తం 261. చూడటానికి ఆదాయంలో ఐదో వంతు దాటినట్టుంది కానీ, 105 పాత వాచీల్లోంచి వచ్చింది, ఏటా రాదు. నికరంగా నిలిచే అంకె 120, దానిపైన జోడు. సర్వీసింగ్‌లో మిగులు 15, కొనుగోలులో 3.

వచ్చే ఏడాదికి: కొనుగోలు గడికి నెలకు 2 మాత్రమే, సర్వీసింగ్‌కి 3. కీ ఇచ్చే వాచీ 24 గంటల తర్వాత 220 డిగ్రీలకి దిగుతోంది, మార్చిలోగా బల్ల మీదికి పంపాలి. అమ్మకానికి రాసిన రెండు క్వార్ట్జ్‌లకి కొత్త బ్యాటరీలు, గాస్కెట్లు వేయించి ఫొటోలు తీయాలి. వాటిలో దానం వాటా ఈసారి సగం కాదు, మొత్తం అని పద్దులో రాసి ఉంది.