గాజు పెట్టె ముందు మానవశాస్త్ర పాఠం

మానవశాస్త్రం విద్యార్థులను హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లోని గిరిజన మ్యూజియానికి తీసుకువెళ్లినప్పుడు, వస్తువుల పక్కనున్న వివరణలను ముందుగా చదవవద్దని చెబుతాను. చదివితే వాటిని నోట్సులో ఎక్కించుకుని ముందుకు సాగిపోతారు. అందుకే ఏదైనా ఒక్క వస్తువును ఎంచుకుని, దాని ఎదుట నిలబడి బొమ్మ గీయమంటాను. వెదురు బుట్టను గీసేవారికి అడుగున అల్లిక ఒక తీరుగా, అంచు దగ్గర మరో తీరుగా ఉందని గీస్తున్నప్పుడే తెలుస్తుంది. ఎందుకలా అల్లారన్న ప్రశ్న పాఠ్యపుస్తకం ప్రమేయం లేకుండానే పుడుతుంది.

అయితే కొన్ని వస్తువులు ఎంత చూసినా సగమే బోధపడతాయి. ఆదిలాబాద్ రాజ్‌గోండులు దీపావళి రోజుల్లో జరుపుకొనే దండారి పండుగలో గుస్సాడీలనే నర్తకులు ధరించే నెమలి ఈకల కిరీటం అటువంటిది. డప్పుల మోత, అడుగుల కదలిక, చుట్టూ చేరిన ఊరివాళ్లు లేకపోతే అది అందమైన అలంకారంగానే మిగిలిపోతుంది. ఇక్కడ ఆ నృత్యాన్ని చిత్రీకరించిన డాక్యుమెంటరీ సినిమా అవసరం. దానిని మొదట శబ్దం లేకుండా, తరువాత శబ్దంతో చూపిస్తే, వ్యాఖ్యాత గొంతు మన చూపును ఎటు లాగిందో విద్యార్థులే పట్టుకుంటారు.

సినిమాను కూడా ఉన్నదున్నట్టుగా నమ్మకూడదని నేర్పడం నా దృష్టిలో మరీ ముఖ్యం. ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్‌ల జీవితంపై 1922లో వచ్చిన డాక్యుమెంటరీ ‘నానూక్ ఆఫ్ ది నార్త్’లో మంచు ఇంటి లోపలి దృశ్యాల కోసం, వెలుతురు చాలక, ఒక పక్క తెరిచి ఉంచిన ఇంటిని ప్రత్యేకంగా కట్టించారు. ఈ సంగతి చెప్పాక అదే దృశ్యాన్ని మళ్లీ చూపిస్తే తరగతిలో చర్చ స్థాయే మారిపోతుంది.

మనకు మరింత దగ్గరి ఉదాహరణ మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్. హైదరాబాద్ రాజ్యంలో చెంచులను, కొండరెడ్లను, గోండులను అధ్యయనం చేసి, ఎన్నో దృశ్యాలను చిత్రీకరించిన ఆయనే నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగానూ పనిచేశారు. గోండులకు భూమి పట్టాలు, చదువు అందడానికి ఆయన చేసిన కృషిని ఎంతో గౌరవిస్తాను. అయినా కెమెరా పట్టుకున్న మనిషికి సర్కారులో పలుకుబడి ఉన్నప్పుడు ఎదుటివారు ఎలా నిలబడ్డారు, ఏది చూపారు, ఏది దాచుకున్నారు అని అడగకుండా ఆ దృశ్యాలను పాఠంగా చెప్పలేము.

మ్యూజియం వస్తువులకూ ఇదే వర్తిస్తుంది. తెగ పేరు, జిల్లా పేరు రాసి, చేసినవారి పేరు వదిలేసిన వివరణలు కోకొల్లలు. అందుకే సినిమా చూశాక విద్యార్థులు తాము బొమ్మ గీసిన వస్తువుకు కొత్త వివరణ రాయాలి. ఎవరు చేశారు, ఎవరి చేతి నుంచి ఎలా వచ్చింది అన్నవాటికి జవాబు దొరకని చోట ఆ ఖాళీని ఖాళీగానే చూపాలి. మార్కులు వేసేటప్పుడు నేను మొదట చూసేది దానినే.