ముఖం వేసి పైన రంగు కార్చితే అబ్‌స్ట్రాక్షన్ అయిపోతుందా?

ఈమధ్య ఎక్కడ చూసినా ఒకే రకం పోర్ట్రెయిట్లు. ముఖం అచ్చం ఫొటోలా, కనురెప్పల వెంట్రుకలతో సహా. ఆపైన పాలెట్ నైఫ్‌తో (రంగు పూసే రేకు కత్తితో) లాగిన నాలుగు పట్టీలు, గడ్డం కింద కారిన రంగు. దాన్నే అబ్‌స్ట్రాక్షన్ (రూపాన్ని ఉన్నదున్నట్టు కాకుండా రంగులతో, గీతలతో పట్టుకోవడం) అంటున్నారు. నా గోలేంటంటే, ఆ కారిన రంగంతా తుడిచేసినా ముఖానికి ఏమీ కాదు. అంటే అక్కడ దానికి పనే లేదు.

బ్రిటిష్ పెయింటర్ జెన్నీ సావిల్ వేసిన ‘రివర్స్’ (2002-03) చూడండి. పక్కకి వాల్చిన తల, కింద అద్దంలో దాని నీడ. దగ్గరికెళితే అక్కడ చెంప ఉండదు, వెడల్పాటి బ్రష్‌తో ఒక్క ఊపులో లాగిన ఎరుపు, గులాబీ పట్టీలుంటాయి, ఒకదాని అంచు ఇంకోదాంట్లోకి జారిపోతూ. నాలుగడుగులు వెనక్కి వస్తే ఆ పట్టీలే ఎముక మీద సాగిన చర్మం. ఒక్కటి తీసేసినా చెంప కూలిపోతుంది. ఆయిల్ రంగు త్వరగా ఆరదు కాబట్టే తడి మీద తడి వేసి అంచులు ఇలా కలిపేయగలరు, త్వరగా ఆరిపోయే అక్రిలిక్‌తో ఇది చాలా కష్టం. ఇంకో బ్రిటిష్ పెయింటర్ లూసియన్ ఫ్రాయిడ్ కూడా 1970లలో సీసం ఎక్కువున్న క్రెమ్నిట్జ్ వైట్ అనే చిక్కటి తెల్లరంగుకి మారాక, చర్మం మీద రంగు ముద్దలు ముద్దలుగా పేరుకుంది, అయినా అది ఒళ్లే అనిపిస్తుంది.

పెయింటర్ ఫ్రాంక్ ఔర్‌బాక్‌ది ఇంకో పిచ్చి. ఆరోజు వేసింది నచ్చకపోతే మొత్తం గీకేసి మర్నాడు మళ్లీ మొదలు, అదీ ఏళ్ల తరబడి అవే మనుషుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని. కన్నెక్కడో ముక్కెక్కడో వెతుక్కోవాలి గానీ, తల ఎటు ఒరిగింది, మెడ మీద ఎంత బరువు పడుతోంది అన్నది మాత్రం తెలిసిపోతుంది. చూడ్డం చేతకాక ఎగ్గొట్టిన పోలిక కాదది, చూసి చూసి మిగతాదంతా వదిలేశాక మిగిలింది. అందుకే ‘అబ్‌స్ట్రాక్ట్‌గా వేసేవాళ్లకి డ్రాయింగ్ ఎందుకు’ అంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకో పెయింటర్ సిసిలీ బ్రౌన్ దగ్గరికొస్తే మాత్రం ఎటూ తేల్చుకోలేను. కొన్ని కాన్వాసుల్లో ఆ రంగుల తొక్కిసలాటలోంచి హఠాత్తుగా ఒక మోకాలో భుజమో పైకి తేలి, ఇక కన్ను దాన్ని వదలదు. కొన్నింట్లో ఎంతసేపు నిలబడ్డా మనిషి ఆకారం దొరకదు, అప్పుడు మాత్రం ఇంత హడావిడి దేనికీ అనిపిస్తుంది.