అంబాసిడర్ గేర్‌బాక్స్ బాగుచేయడం: నా అనుభవం

పర్లాకిమిడి, గుణుపురం వైపు మిగిలిన పాత అంబాసిడర్లలో షెడ్డుకే పరిమితమైనవి ఎక్కువ. వానాకాలమంతా కదలకపోతే గేర్‌బాక్సులో నూనెలో మునిగిన భాగం బాగానే ఉంటుంది, పైభాగానికి చెమ్మ తగిలి తుప్పు పడుతుంది. అలాంటి బాక్సును విప్పి చూడనిదే నేను బండి రోడ్డెక్కించను.

ముందు చెవితో పరీక్ష. 1, 2, 3 గేర్లలో మోత వచ్చి నాలుగులో తగ్గితే లేషాఫ్టును (బాక్సులో కింది గేర్ల గుత్తిని మోసే ఇరుసు) అనుమానించాలి. నాలుగో గేరులో ఇంజిన్ బలం నేరుగా మెయిన్‌షాఫ్టుకు (చక్రాల వైపు బలం పంపే ఇరుసు) పోతుంది, లేషాఫ్టు మీద భారం ఉండదు. గేరే పడకపోతే మాత్రం మొదట స్టీరింగ్ దగ్గరి లివర్ లింకేజీ బుష్‌లు చూస్తాను. ఈ లోపానికి చాలాసార్లు బాక్సు దించే పనే ఉండదు.

అసలు పనంతా లేషాఫ్టు దగ్గరే. దాన్ని ఊరికే కొట్టి తీస్తే నీడిల్ రోలర్లు (సూదుల్లాంటి బేరింగ్ కడ్డీలు) లోపల రాలిపోతాయి. అందుకే బరంపురంలో లేతు మీద డమ్మీ షాఫ్టు చేయించాను. లావు అసలు షాఫ్టుకన్నా కాస్త తక్కువ, పొడవు క్లస్టర్ గేరంత, అంటే ఆ గేర్ల గుత్తంత. దీనితో తోస్తే అసలుది బయటికొస్తుంది, రోలర్లు చెదరవు, క్లస్టర్ కేసింగ్ అడుగుకు దిగి మెయిన్‌షాఫ్టుకు దారిస్తుంది. రోలర్లు తిరిగిన చోట గోటికి గుంటలు తగిలితే ఆ షాఫ్టు పనికిరాదు. సానపట్టిస్తే పైనున్న పలచని గట్టి పొర పోయి, లోపలి మెత్తని ఉక్కు త్వరగా అరుగుతుంది. రోలర్లూ పూర్తి సెట్టు మార్చాలి. పాతవాటితో కలిపితే భారమంతా కొత్తవాటి మీదే పడుతుంది. క్లస్టర్ ముందువెనకల ఆట (వదులు) థ్రస్ట్ వాషర్లతో, అంటే చివర్ల పెట్టే పలచని బిళ్లలతో, 0.05 నుంచి 0.08 మి.మీ. మధ్యకు తెస్తాను.

సింక్రో హబ్బును (గేరు మారేటప్పుడు వేగాలు కలిపే భాగం) గుడ్డ చుట్టి విప్పాలి, లేకుంటే బాల్స్, స్ప్రింగులు ఎగిరిపోతాయి. సింక్రో రింగును గేరు కోను మీద నొక్కి, గేరు పళ్లకూ రింగుకూ మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని రేకు) పెడతాను. సందు అర మిల్లీమీటరుకన్నా తక్కువైతే రింగు అరిగినట్టే. పళ్లు బాగున్న గేర్లను మాత్రం మార్చను. కలిసి అరిగిన జతలో ఒక్కదాన్ని మార్చితే కూత మొదలవుతుంది.

నూనె మాన్యువల్ చెప్పిన గ్రేడే. గేర్ ఆయిల్ అయితే జీఎల్-4 రకం అడగండి, జీఎల్-5 వద్దు. అందులోని గంధకం మందులు కంచు రింగులను తినేసే ప్రమాదం ఉంది. 500 కి.మీ. తిరిగాక నూనె దించి తెల్లగుడ్డలో వడగడతాను. పసుపు పొడి మరీ ఎక్కువుంటే సింక్రో రింగులు, ఉక్కు రేకులుంటే లేషాఫ్టు, బేరింగులు మళ్లీ చూడాలి.