అటక మీద మానుపిల్లి చేరితే ఏం చేయాల

మా అటకలో చేరిన మానుపిల్లి ఫోటో చూసి మా అక్క కొడుకు న్యూజెర్సీ నుంచి "పిన్నీ, రకూన్ తిరుపతికి ఎట్ట వచ్చింది" అన్నాడు. వాళ్ళ తట్టు అవి రాత్రిళ్ళు చెత్తడబ్బాల మూతలు చేత్తో తీసి మరీ తింటాయంట. మన దేశంలో రకూన్లు లేవురా నాయనా, ఇది మానుపిల్లి అన్నా. మొహం మీద మచ్చలు చూసి అట్ల అనుకున్నాడు గానీ రకూన్ తోకకి పట్టీలుంటాయి, దీని తోక నల్లగా ఉంటాది.

మా వీధిలో మాత్రం అందరికీ ఇది పునుగు పిల్లే. స్వామికి శుక్రవారం అభిషేకం అయినాక పూసే పునుగు తైలం ఉంది కదా, ఆ పునుగిచ్చే పిల్లి వేరే, ఒంటి మీద చుక్కలు, తోక మీద పట్టీలు ఉండి ఎక్కువగా నేల మీదే పొదల్లో తిరుగుతాది, మిద్దెలెక్కి అటకల్లో కాపురం పెట్టేది ఇది. అయినా పక్కింటి అవ్వ వింటేనా, "దేవుడి పిల్లి, దాని జోలికి పోవద్దు మే" అంటాది. ఎదురింటాయనేమో మందు పెట్టేద్దాం అంటాడు. దండం పెడితే ఉచ్చ వాసన పోదు, మందు పెడితే పెంకుల సందులో చచ్చి ఇల్లంతా కంపు, పైగా ఇది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందకి వస్తాది, కేసు అయితే ఎవరు తిరగాల.

మాది కరకంబాడి రోడ్డు తట్టు, ముందర పెంకుటిల్లు, వెనక మిద్దె, మామిడి సపోటా కొమ్మలు కప్పు మీదకే ఉండాయి. బేనీషాలు పండే టైంలో దానికి పండగే. పిట్టగోడ మీద రోజూ ఒకే చోట గింజలతో సహా పెంట పెట్టి పోతాది.

కలరా ఉండలు, టపాకాయలు ఇవన్నీ టైం వేస్ట్, వాసన తగ్గితే, శబ్దం ఆగితే మళ్ళీ వచ్చేస్తాది. ముందు ఎక్కడ నుంచి దూరతా ఉందో చూడాల, సందేహం ఉన్నచోట ముగ్గుపిండి చల్లి పెడితే పొద్దున్నే అడుగులు కనపడతాయి, మామూలు పిల్లికి నాలుగు వేళ్ళు పడతాయి, దీనికి అయిదు. కంత దొరికింది కదా అని వెంటనే మూసేయొద్దండి! లోపల పిల్లలుంటే అవి ఆకలికి చస్తాయి, తల్లి బయటనుంచి పెంకులు పీకి పెడతాది. అమెరికాలో రకూన్లకి చేసేదే ఇక్కడా పనికొచ్చింది, అటకలో లైటు వేసి ఎఫ్ఎం రేడియో పెట్టేస్తే తల్లికి చిరాకేసి పిల్లల్ని నోట కరుచుకుని ఇంకో చోటికి మార్చుకుంటాది (మనకీ నిద్ర ఉండదు, అది వేరే సంగతి). తర్వాత కంతలో పేపరు ఉండ కుక్కి పెట్టి కొన్ని రాత్రులు చూడాల, అది కదలకుండా ఉంటేనే గట్టి ఇనుప మెష్ కొట్టించుకోవాల, దోమల జాలీ అయితే చింపేస్తాది.

కప్పుని తాకే కొమ్మలు కొట్టించేయండి, రాలిన పండ్లు పొద్దుగూకక ముందే ఏరేయండి, కుక్కకి పెట్టిన అన్నం రాత్రంతా బయట వదలొద్దు. పట్టుకుని ఎక్కడో వదిలేద్దాం అనుకోవద్దు, అంతగా తప్పకపోతే ఫారెస్టోళ్ళకి చెప్పండి. పెరట్లో తిరిగితే నాకేం ఇబ్బంది లేదబ్బా, ఎలకల్ని కూడా తింటాది కదా, నడినెత్తిన కాపురం మాత్రం వద్దు.