నిలువెత్తు మొక్కు

మొక్కు మా అత్తయ్యది. ఆవిడ పోయి ఏడాది దాటింది కాబట్టి మొయ్యడం మా వంతయింది.

2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు. విశాఖవాళ్ళకి ఆ తేదీ గుర్తుచెయ్యక్కర్లేదు. మా చిన్నోడికి అప్పుడు ఐదేళ్ళు. అంతకు రెండు రోజుల ముందు మొదలైన జ్వరం ఆ రాత్రికి నూటనాలుగుకి పోయింది. తెల్లారి చూస్తే రోడ్ల మీద చెట్లు అడ్డంగా పడున్నాయి, కరెంటు లేదు, ఫోన్లు పలకవు. పాల ప్యాకెట్టుకి జనం కొట్టుకుంటున్నారు. మా ఆయన వాణ్ణి భుజాన వేసుకుని కంచరపాలెం నుంచి కూలిన చెట్లు ఎక్కి దిగుతూ ఆసుపత్రికి నడిచాడు. టార్చిలైటు వెలుతురులో సెలైన్ ఎక్కించారు. అక్కడే మంచం పక్కన నేలమీద కూర్చుని మా అత్తయ్య కొంగు చాపింది. వీడు లేచి తిరిగితే కొండగుడి మరియమ్మకి వీడి నిలువెత్తు కొవ్వొత్తి ఇచ్చుకుంటానని.

నాలుగో రోజున వాడు కళ్ళు తెరిచి ఇడ్లీ అడిగాడు.

అప్పుడే తీర్చేసి ఉంటే మూడున్నర అడుగుల కొవ్వొత్తితో పోయేది. ఆ ఏడు ఇంటి పైరేకులు ఎగిరిపోయిన ఖర్చు, తర్వాత ఆవిడకి షుగరు, ఆపైన కరోనా. ఏదో ఒకటి వస్తూనే ఉంది. కొండగుడి పండుగ, డిసెంబర్ 8, ఏటేటా వచ్చేది, వెళ్ళేది. ఆవిడ మాత్రం ఏటా వాణ్ణి గుమ్మం పక్క గోడకి నిలబెట్టి పెన్సిల్‌తో గీత గీసేది. "మొక్కు పెరిగిపోతోందే అమ్మాయీ" అనేది. "వడ్డీ అనుకోండి అత్తయ్యా" అని నేను నవ్వేదాన్ని.

నేను నవ్వడానికి ఇంకో కారణం ఉంది. మాది బొబ్బిలి దగ్గర, పుట్టింటివాళ్ళు బాప్టిస్టులు. కొవ్వొత్తులు, మొక్కులు, కొబ్బరికాయలు మాకు అలవాటు లేదు. మోకాళ్ళు వంచి ప్రార్థన చెయ్యడం, బైబిలు చదువుకోవడం, అంతే. పెళ్ళయ్యాక ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్కుల ఇంటికొచ్చి జపమాల పట్టుకున్నాను గానీ లోపల ఒక మూల మా నాన్న గొంతు వినబడుతూనే ఉండేది, "దేవుడికి మైనంతో ఏం పనమ్మా" అని. పోయేముందు అత్తయ్య నా చెయ్యి పట్టుకుని "గీతలు చెరపకండర్రా" అంది. కొవ్వొత్తి మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదాన్నేమో.

ఈ ఏడు మే నెలలో మా ఆయన పని పోయింది. గాజువాక వైపు ఒక ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళుగా కాంట్రాక్టు మీద చేస్తున్నాడు. ఒకరోజు గేటు దగ్గర పాసు తీసుకుని రేపట్నుంచి రావద్దన్నారు. అప్పట్నుంచి దొరికిన రోజు కూలిపని, దొరకని రోజు టీకొట్టు దగ్గర పేపరు. నా గాజులు కుదువకి పోయాయి, జూన్‌లో చిన్నోడి ఇంటర్ ఫీజుకి గొలుసు కూడా పోయింది. బ్లౌజులు కుడుతున్నాను. వీధిలో నలుగురం కుడుతుంటే ఎవరికెన్ని వస్తాయి?

దేవుడి మీద కోపం వచ్చిందని చెప్పుకుంటే బాగుండేది. కోపం కూడా రాలేదు. మాటలే అయిపోయాయి. రాత్రి అందరూ పడుకున్నాక జపమాల తీసి మొదటి పూస పట్టుకుంటే ఆ తర్వాత నోరు కదలదు. చర్చిలో పూజకి వెళ్ళడం మానేశాను. ఎవరైనా అడిగితే కుట్టుపని ఉందనేదాన్ని.

అలాంటిది అక్టోబర్ ఆఖర్లో మా ఆయన, జేబులో వంద కూడా లేని మనిషి, "ఈసారి అమ్మ మొక్కు తీర్చేద్దాం" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. బియ్యం లేనప్పుడా మొక్కు? ఆయన కొట్లాడలేదు. టేపు తెచ్చి వాణ్ణి గోడకి నిలబెట్టాడు. ఐదడుగుల ఏడంగుళాలు.

జ్ఞానాపురంలో కొవ్వొత్తులు పోసే మనిషి ముందు నవ్వాడు. అంత అచ్చు తన దగ్గర లేదన్నాడు. తర్వాత తనే ఆలోచించి అంగుళంన్నర పీవీసీ పైపుని నిలువునా రెండుగా కోసి, మళ్ళీ కట్టి, మధ్యలో వొత్తి బిగించి, దాంట్లో పోశాడు. రెండు కిలోల లోపే ఉంది గానీ చూడ్డానికి దూలంలా ఉంది. డబ్బులు మూడు దఫాలుగా ఇస్తామంటే ఒప్పుకున్నాడు. ఇంకో దఫా బాకీ ఉంది.

డిసెంబర్ 8 సోమవారం. అమలోద్భవి మాత పండుగ. కొవ్వొత్తిని పాత దుప్పటిలో చుట్టి ముగ్గురి ఒళ్ళోనూ అడ్డంగా పెట్టుకుని ఆటో ఎక్కాం. రెండు చివర్లూ బయటికే. డ్రైవరు అద్దంలో చూసి "కర్టెన్ రాడ్డా సార్?" అన్నాడు. కాన్వెంట్ జంక్షన్ దాటాక బళ్ళు కదల్లేదు, దిగి నడిచాం. పాత పోస్టాఫీసు దగ్గరికొచ్చేసరికి మనుషుల మీద మనుషులు. వన్‌టౌన్ నల్లదుమ్ము చెప్పుల్లేని కాళ్ళకి అప్పుడే పట్టేసింది.

కొండ ఎక్కుతూ చిన్నోడు ఫోన్లో చదివి వినిపిస్తున్నాడు. 1864లో రాస్ అనే దొర ఈ కొండ మీద ఇల్లు కట్టుకున్నాడంట, అందుకే రాస్ హిల్ అంట, ఆ ఇల్లే తర్వాత గుడి అయిందంట. మా ఆయన కొవ్వొత్తి భుజం మార్చుకుంటూ "కొండ మీద సముద్రం వైపు ఇల్లు. అద్దె ఎంతుండేదో" అన్నాడు. ఏడు నెలల్లో ఆయన నోట వేళాకోళం వినడం అదే మొదలు.

ఇక జనం గురించి చెప్పాలి. భక్తికి రావద్దని ఎవరూ అనరు గానీ, చంటిపిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్ళని మోచేత్తో తోసుకుంటూ పైకెళ్ళి ఏం అడుగుతారో నాకు అర్థం కాదు. ఒకడు దారి మధ్యలో నిలబడి వీడియో కాల్లో ఎవరికో సముద్రం చూపిస్తున్నాడు. మైకులో ఒకపక్క జపమాల, ఇంకోపక్క ఎర్ర చొక్కా పిల్లాడు తప్పిపోయాడని ప్రకటన. "దేవ వర ప్రసాదము చేత నిండిన మరియమ్మా" అని సగం అనేలోపు ఎర్ర చొక్కా వచ్చేది. ఆ పిల్లాడు దొరికాడు, దేవుడికి స్తోత్రం. వాడు దొరికేదాకా నేనూ ఒక్క జపం పూర్తిచెయ్యలేదు.

గుడి ఇంకాస్త దూరం ఉందనగా వెనకనుంచి ఒక పెద్ద అల వచ్చినట్టు తోపులాట. చిన్నోడు ముందు, మా ఆయన వెనక, మధ్యలో కొవ్వొత్తి. ఎవరిదో భుజం తగిలింది. 'టక్' అని చిన్న చప్పుడు, అంతే. దుప్పటి మధ్యలో వంగిపోయింది.

పక్కకి లాగి విప్పి చూశాం. సరిగ్గా నడుము దగ్గర విరిగింది. మైనం పెచ్చులు దుప్పట్లోంచి రాలాయి. మా ఆయన ఏమీ అనకుండా రాయి మీద కూర్చుండిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. మైనం కోసం కాదు. పదకొండేళ్ళు ఆగి, అప్పు చేసి, ఇంత దూరం మోసుకొస్తే ఇది కూడానా అని. ఇంక ఇంటికి పోదాం అన్నాను. గట్టిగానే అన్నాను.

"ఏటమ్మా, ఎందుకేడుస్తన్నావు?"

రాతి మెట్టు మీద ఒక ముసలమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుంది. డెబ్భై పైనే ఉంటాయి. జాలరిపేట మనిషని మాట చెబుతోంది, ముక్కుకి రెండువైపులా పుడకలు. చెయ్యి చాపి కొవ్వొత్తి లాక్కుని విరిగినచోట రెండు వేళ్ళతో తడిమింది.

"ఇరిగింది మైనమే గదా. వొత్తి తెగనేదు."

నిజమే. రెండు ముక్కల్నీ వొత్తి పట్టుకునే ఉంది. ఆవిడ పూలమ్మే అబ్బాయిని కసిరి వాడి బుట్టలోంచి రెండు వెదురు బద్దలు లాగింది. రొంటినున్న సంచిలోంచి నైలాన్ దారం తీసింది, వలలు బాగుచేసేది, నీలం రంగుది. విరిగినచోట బద్దలు ఆనించి చుట్టడం మొదలెట్టింది. నేను మిషను మీద ఇరవయ్యేళ్ళుగా కుడుతున్నాను, అలాంటి చేతివేగం చూళ్ళేదు. ప్రతి చుట్టుకీ ఒక ముడి, ప్రతి ముడినీ పంటితో బిగించడం. పది నిమిషాలు పట్టింది. చుట్టూ జనం తోసుకుంటూనే ఉన్నారు, ఆవిడ తల ఎత్తలేదు.

మీరు ఏ చర్చి అని అడిగాను. తెలివితక్కువ ప్రశ్న. "నాకు సర్చేటమ్మా" అంది. ముగ్గురు కొడుకులూ వేటకెళ్తారు, అందుకని మూడు కొండలకీ మొక్కుంది. ఎంకన్నబాబు కొండా, దర్గా కొండా అయిపోయాయి, ఇది మిగిలింది. "మోకాళ్ళు ఇక్కడిదాకే ఒచ్చేయి. పైకెళ్తే మరియమ్మోరికి నా మాట ఒకటి సెప్పు. నడిపోడు బోటు మీదున్నాడు. ఐదు దినాలైంది."

డబ్బులిద్దామని మా ఆయన జేబులో చెయ్యి పెడితే చురుగ్గా చూసింది. కొబ్బరిముక్క మాత్రం తీసుకుంది.

పైన ఆరుబయట పూజ జరుగుతోంది. ఫాదరుగారు బైబిల్లోని కానా ఊరి పెళ్ళి గురించి చెబుతున్నారు. స్పీకరు గరగరలో నాకు సగమే వినబడింది. ద్రాక్షరసం అయిపోతే మరియమ్మ కొడుకుతో ఏమడిగింది? ఏమీ అడగలేదట. వాళ్ళ దగ్గర అయిపోయిందని చెప్పి ఊరుకుందట. ఎలా తేవాలో, ఎన్ని కుండలు నింపాలో ఆవిడ చెప్పలేదన్నారు. తర్వాతి మాటలు వరసలో మా ముందావిడ ఫోన్లో కొట్టుకుపోయాయి.

వరసలో గంటన్నర. నేను అడగాల్సినవి లెక్కపెట్టుకుంటూ వచ్చాను. ఆయన ఉద్యోగం, కుదువ గాజులు, చిన్నోడి రెండో ఏడు ఫీజు, అద్దె. ఒకటికి రెండుసార్లు వరస కూడా సరిచూసుకున్నాను, ముందు ఏది, తర్వాత ఏది అని.

అమ్మ ముందుకొచ్చాం. పూలదండల్లో మెడదాకా మునిగిపోయి ముఖం ఒక్కటే కనబడుతోంది. కళ్ళు కొంచెం కిందికి చూస్తున్నట్టున్నాయి. అప్పటికే వాలంటీరు కుర్రాడు "నడవండమ్మా, నడవండి" అంటున్నాడు. నాలుగు క్షణాలు ఇచ్చి ఉంటాడు, ఐదు కూడా కాదు. నోరు తెరిస్తే వచ్చిన మాట, "ఆ ముసలమ్మ నడిపి కొడుకు బోటు మీదున్నాడమ్మా. ఐదు రోజులైంది." రెండో మాట, "మా ఇంట్లో బియ్యం అయిపోయాయి." అంతే. నేను రాసుకున్న వరసలో ఈ రెండూ లేవు. అప్పటికే నన్ను పక్కకి జరిపేశారు.

కొవ్వొత్తి వెలిగించనివ్వలేదు. అంతంత పెద్దవి వెలిగిస్తే ప్రమాదమట, న్యాయమే. అక్కడున్న కుప్పలో పెట్టమన్నారు. మా చిన్నోడు దాన్ని నిలబెట్టి పక్కన తనూ నిలబడ్డాడు. మధ్యలో నీలం దారం కట్టుతో, చెయ్యి విరిగినవాడికి పిండికట్టు వేసినట్టుంది. చూసి ముగ్గురం నవ్వాం. బయటికొచ్చి గోడ దగ్గర నిలబడితే ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండ, కింద హార్బరు కాలువలోంచి ఒక ఓడ మెల్లగా లోపలికొస్తోంది. చిన్న బోట్లు బారుగా ఉన్నాయి. అందులో ఏది ఆ నడిపోడిదో అని మా ఆయన చాలాసేపు చూశాడు.

దిగేటప్పుడు మెట్టు మీద ఆవిడ లేదు. నీలం దారం ముక్కలు రెండు పడున్నాయి. ఒకటి ఏరి పర్సులో వేసుకున్నాను.

ఇది రాస్తున్నది శుక్రవారం. ఏమైనా మారిందా అంటే, మా ఆయనకి ఈ వారంలో మూడు రోజులు పని దొరికింది, రెండు రోజులు దొరకలేదు. గాజులు ఇంకా కుదువలోనే ఉన్నాయి. బియ్యం మా ఆడపడుచు ఐదు కిలోలు పంపింది, ఆవిడకి మేము ఏమీ చెప్పలేదు. సోమవారం రాత్రి జపమాల తీస్తే నోరు కదిలింది. మొదటి పది పూసలూ జాలరిపేటకే పోయాయి. ఆవిడ పేరు అడగలేదని అప్పుడు తట్టింది, నడిపి కొడుకు అనే చెప్పాను.

నిన్న చిన్నోడు గోడ దగ్గర నిలబడి కొత్త గీత గియ్యమన్నాడు. కొలిస్తే టేపు మీద పావు అంగుళం పెరిగాడు. విరిగినచోట రాలిన పెచ్చుల వల్ల కొవ్వొత్తి ఎలాగూ పొట్టిదైంది. రెండూ కలిపి మా ఆయన లెక్కకట్టి, "ఇంకా అంగుళం బాకీ ఉన్నాం" అన్నాడు. గీత పక్కన తేదీ వేశాను.